రెండుసార్లు కొన్న అల్యూమినియం పట్టీ

బయట పార్క్ చేసినప్పుడు వర్షం పడిందంటే చాలు, మా పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారులో క్లచ్ పెడల్ కింద కార్పెట్ తడిసి ముద్దయ్యేది. కన్వర్టిబుల్ కదా, పైన ఉన్నది గుడ్డే కదా, ఆ మాత్రం కారడం మామూలేలే అని ఏడాది పాటు ఒక పాత టవల్ పడేసి లాగించేశాను. మొన్న మార్చిలో కారు కడుగుతూ విండ్‌షీల్డ్ కింద ఎడమ మూలలో పెయింట్ పొంగినట్టుంటే గోరుతో గీకాను, అంతే, పొక్కు చిట్లి తుప్పు పొడి జలజలా రాలింది. నీళ్ళు వస్తున్నది టాప్ నుంచి కాదురా బాబూ, అద్దం చుట్టూ ఉన్న రబ్బరు దగ్గర్నుంచి అని అప్పుడు వెలిగింది.

ఇది 1972 సూపర్ బీటిల్. అమెరికాలో షార్లెట్ ఊరికి వచ్చిన కొత్తలో అందరూ ఇల్లు కొనమంటే నేను ఇది కొన్నాను, ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ నెలకోసారి గుర్తుచేస్తారు. అన్నిటికంటే ఎక్కువ తయారైన కారుగా ఫోర్డ్ మోడల్ టీకున్న రికార్డుని బీటిల్ దాటింది సరిగ్గా ఆ 1972లోనే, ఫిబ్రవరి 17న, 15,007,034వ కారుతో. అన్ని తయారయ్యాయి కాబట్టి పార్ట్స్‌కి ఢోకా ఉండదు అని ధీమాగా ఉండేవాణ్ణి. నిజమే, మామూలు బీటిల్‌కైతే ఢోకా లేదు. కన్వర్టిబుల్ సంగతి వేరు. అవి జర్మనీలో వోల్ఫ్స్‌బర్గ్‌లోని ఫోక్స్‌వ్యాగన్ సొంత ఫ్యాక్టరీలో పూర్తయ్యేవి కావు, ఓస్నాబ్రూక్‌లో కార్మాన్ అనే వేరే కంపెనీ వాళ్ళు తయారుచేసేవాళ్ళు, 1949లో వెయ్యి కార్ల ఆర్డర్‌తో మొదలుపెట్టి 1980 జనవరి దాకా మొత్తం 331,847 చేశారు. రూఫ్ తీసేస్తే బాడీ వంగిపోతుంది కాబట్టి కింద అదనంగా ఇనుము వేసి బిగించారు, పైన విండ్‌షీల్డ్ ఫ్రేమ్ కూడా వేరే. అంటే అద్దం వేరు, రబ్బరు వేరు, ఆ రబ్బరులో మెరిసే పట్టీ కూడా వేరు. పార్ట్ నంబరు 151తో మొదలైతేనే మనది. నాకిది తెలియదు, చక్కగా మామూలు బీటిల్ రబ్బరు తెప్పించి, పెట్టి చూసి, మళ్ళీ ప్యాక్ చేసి వెనక్కి పంపాను. అది లెక్కలో వేయట్లేదు, అసలు తప్పు ముందుంది.

పాత రబ్బరు ఎండిన తోలులా బిర్రబిగుసుకుపోయి ఉంది. దాన్ని కాపాడాలని చూడకండి, బయటి అంచుని బ్లేడుతో చుట్టూ కోసెయ్యండి, తర్వాత లోపల సీట్లో కూర్చుని రెండు అరచేతులతో పై అంచు దగ్గర మెల్లగా తోస్తే అద్దం వచ్చేస్తుంది. ఒకే మూల మీద బలం పెట్టారంటే మాత్రం పగుళ్ళే. పాత పట్టీని కూడా దాచుకుందామనుకున్నా గానీ అది స్టీలు కాదు, పల్చటి అల్యూమినియం, ఒక్కసారి నొక్కు పడిందంటే ఎంత సాపు చేసినా ఆ మడత ఎండలో కనపడి వెక్కిరిస్తూనే ఉంటుంది.

రబ్బరు తీశాక కింద రెండు మూలల్లోనూ తుప్పు, ఎడమ పక్క చిటికెన వేలి గోరంత చిల్లు. గీకడం, వెల్డింగ్ షాపులో చిల్లు పూడ్పించడం, ప్రైమర్, పెయింట్, ఆరబెట్టడం, వీటికి రెండు వారాంతాలు పోయాయి. బోరింగ్ పని, కానీ ఇది ఎగ్గొట్టి కొత్త రబ్బరు వేస్తే తుప్పుకి దుప్పటి కప్పినట్టే.

ఇప్పుడు అసలు తప్పు. నా బుర్రకి తోచిన వరస ఏంటంటే ముందు రబ్బరుతో అద్దం బిగించేద్దాం, పట్టీ డెకరేషనే కదా, చివర్లో తీరిగ్గా నొక్కుకోవచ్చు అని. అద్దం బిగించాను, బాగానే కూర్చుంది. పట్టీ పెడితే ససేమిరా దూరదు. అద్దం బాడీలో కూర్చున్నాక రబ్బరు అన్ని వైపుల్నుంచి నొక్కుకుపోయి పట్టీ కూర్చునే గాడి మూసుకుపోతుంది, పట్టీ అంచు లోపలికి వెళ్ళే దారే ఉండదు. నేను ఊరుకుంటానా, స్క్రూడ్రైవర్‌తో రబ్బరు పెదవి ఎత్తుతూ, బొటనవేళ్ళతో నొక్కుతూ, చెమటలు కక్కుతూ కుడి సగం మూల దాకా తెచ్చాను, మూల తిప్పేటప్పుడు టక్కున మడత పడింది. యాభై డాలర్ల పట్టీ. సర్లే పట్టీ లేకుండానే వదిలేద్దాం అనుకుంటే దానికీ లేదు, ఆ గాడి ఖాళీగా ఉంటే రబ్బరు వదులుగా ఉండి నీళ్ళు కారతాయి, పట్టీ వద్దనుకునేవాళ్ళకి గాడి లేని రబ్బరే వేరే దొరుకుతుంది. అంటే నేను అలంకారం అనుకున్నది కూడా బిగింపులో భాగమే.

మళ్ళీ ఆర్డర్, మళ్ళీ వారం.

రెండోసారి పద్ధతిగా చేశాను. అద్దాన్ని పాత పరుపు మీద పెట్టి, రబ్బరుని కాసేపు ఎండలో ఉంచి మెత్తబడ్డాక చుట్టూ తొడిగాను. పట్టీ వెళ్ళే గాడిలో సన్న తాడు పరిచి, సబ్బు నీళ్ళు పూసి, పట్టీని దాని మీద పెట్టి నొక్కుతూ తాడు లాగుతుంటే రబ్బరు పెదవి దానంతటదే లేచి పట్టీ అంచు మీదకి ఎక్కుతుంది. పై మధ్యలో మొదలుపెట్టి మూలల వైపు రావాలి. ఎడమ సగం, కుడి సగం రెండు ముక్కలు కాబట్టి అవి కలిసే చోట చిన్న క్లిప్పు తొడగాలి, దాన్ని ముందే ఎక్కించుకోకపోతే తర్వాత ఏడుపే. నూనె, గ్రీజు జోలికి వెళ్ళొద్దు, రబ్బరు పాడవుతుంది.

తర్వాత బాడీ అంచు మీద కూర్చునే గాడిలో ఇంకో తాడు, కొంచెం లావుది, చుట్టూ తిప్పి రెండు కొసలూ కింద మధ్యలో వేలాడేట్టు. ఈ తాడు చూడగానే విజయవాడ ఆటోనగర్ గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా మావయ్య లారీకి ముందద్దం వేయిస్తుంటే ఎండలో రెండు గంటలు కూర్చున్నా, అక్కడ కూడా ఇదే పని, సబ్బు నీళ్ళు, సుతిలి తాడు, లోపలొకడు బయటొకడు. అప్పుడు కళ్ళు తెరిచి చూసుంటే ఈ యాభై డాలర్లు మిగిలేవి.

టాప్ దించేస్తే కన్వర్టిబుల్‌లో ఈ పని మామూలు కారు కంటే హాయి, తల తగలడానికి పైన ఏమీ ఉండదు. లోపల మా ఆవిడ కూర్చుంది తాడు పట్టుకుని.

"ఏవండీ, పైకి లాగాలా నా వైపుకా?"

"నీ వైపుకే, మెల్లగా, నేను బయట నొక్కిన చోటే లాగు."

"మరి మీరు ఎక్కడ నొక్కుతున్నారో నాకెలా తెలుస్తుంది, అద్దం మీద మొత్తం సబ్బు నురగే!"

న్యాయమైన ప్రశ్నే. తట్టి చూపిస్తూ నొక్కాను, తను లాగింది, రబ్బరు అంచు ఫ్రేమ్ లోపలికి ఒక్కో అంగుళం ఎక్కుతూ పోయింది. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. ఎడమ కింది మూలలో పట్టీ కాస్త లేచింది గానీ అరచేత్తో నాలుగు దెబ్బలు వేస్తే కూర్చుంది.

సబ్బు ఆరాక రెండు రోజులాగి టాప్ ఎక్కించి, లాచ్‌లు రెండూ వేసి, మా ఆవిణ్ణి లోపల టిష్యూ కాయితాలతో కూర్చోబెట్టి బయట్నుంచి పైపుతో నీళ్ళు కొట్టాను. విండ్‌షీల్డ్ చుట్టూ అన్ని కాయితాలూ పొడి. క్లచ్ పెడల్ కింద పొడి. నేను పైపు కట్టేసి డాన్స్ చేయబోతుంటే లోపల్నుంచి "ఏవండీ, నా నెత్తి మీద పడుతోంది" అని వినపడింది. టాప్ ముందు అంచుకి, ఫ్రేమ్‌కి మధ్య ఉండే రబ్బరు అది. దాని నంబరు కూడా 151తోనే మొదలవుతుంది, ఈసారి చూసి మరీ ఆర్డర్ పెట్టాను.