ముందు చోటు చూస్కో, తర్వాత బండి ఆపు

మా అక్క కొడుకు కానిస్టేబుల్‌గా సెలెక్టయ్యాడు. ట్రైనింగ్ అయిపోగానే ట్రాఫిక్‌కి వేశారు. పోస్టింగ్ తెలిసిన రోజే ఫోన్ చేశాడు. "మామా, ముందుగాల ఏం నేర్చుకోవాలె? సెక్షన్లా, చలాన్ మిషనా?" అని అడిగాడు. సెక్షన్లు నాలుగు రోజులు డ్యూటీ చేస్తే నోటికొస్తాయి, ట్యాబ్ వాడటం నాకంటే నీకే బాగా వచ్చు, ముందు రోడ్డు మీద నిలబడటం నేర్చుకో అన్నాను. "నిలబడుడు గూడ నేర్చుకునేదేనా మామా" అన్నాడు.

నేర్చుకునేదే. ఉమ్మడి నల్గొండ జిల్లాలో హైదరాబాద్–విజయవాడ హైవే మీద నా సర్వీసులో చాలా భాగం గడిచింది. కొన్నాళ్లు ట్రాఫిక్, కొన్నాళ్లు పెట్రోలింగ్, చివరికి ఏఎస్సైగా రిటైరయ్యాను. ఫోన్లో వాడికి చెప్పగలిగింది కొంతే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. వాడి బ్యాచ్ పిల్లలు కూడా చదువుతారని ఆశ.

లెక్కతో మొదలుపెడతాను. డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. డ్రైవరు ఎదురుగా ఉన్నదాన్ని చూసి, అదేమిటో అర్థం చేసుకుని, బ్రేకు మీద కాలు వేసేసరికి రెండున్నర సెకన్లు పడుతుందని రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క. ఆ రెండున్నర సెకన్లలోనే బండి 70 మీటర్లు వచ్చేస్తుంది. బ్రేకు ఇంకా పడనే లేదు. పూర్తిగా ఆగాలంటే 180 మీటర్లు కావాలి. క్రికెట్ పిచ్‌లు తొమ్మిది వరసగా పరిస్తే ఎంత దూరమో అంత. చెట్టు చాటు నుంచి వచ్చి 30 మీటర్ల దూరంలో ఉన్న కారుకు చెయ్యెత్తామనుకోండి. డ్రైవరు ఎంత మంచివాడైనా, బ్రేకులు ఎంత కొత్తవైనా ఆ కారు మన ముందు ఆగదు. పక్కకు కోస్తుంది, లేదా మన మీదికే వస్తుంది.

అందుకే దాక్కుని పట్టుకునే పద్ధతి నాకు మొదటి నుంచీ పడదు. జనం తిట్టుకుంటారని కాదు, మన ప్రాణానికి మంచిది కాదని. కెమెరాలతో, స్పీడ్ గన్లతో చేసే ఎన్‌ఫోర్స్‌మెంట్ కోసం 2021లో మోటారు వాహనాల రూల్స్‌లో 167ఎ చేర్చారు. కెమెరా పెట్టిన చోటికి ముందే హెచ్చరిక బోర్డులు కనపడేలా ఉంచాలని అందులో ఉంది. మిషన్ ఉన్నచోట బోర్డు పెట్టాలని రూలు చెబుతుంటే, మనిషి ఉన్నచోట అంతకంటే ఎక్కువ జాగ్రత్త ఉండాలి కదా. దూరం నుంచే పోలీసు కనిపిస్తే కాళ్లు వాటంతటవే యాక్సిలరేటర్ మీంచి లేస్తాయి. మనక్కావలసింది అదే. ఆ రోజు చలాన్లు నాలుగు తగ్గితే తగ్గనీ.

చోటు ఎలా చూసుకోవాలి? మలుపు తిరగగానే వద్దు. ఫ్లైఓవర్ దిగుడులో వద్దు, అక్కడ లోడు లారీ ఆగదు. డివైడర్‌కి ఆనుకుని అసలే వద్దు, అటు వేగంగా పోయే లేన్ ఉంటుంది. ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు: పొద్దు ఎటుందో చూడాలి. మన రోడ్డు తూర్పు పడమరలుగా పోతుంది. సాయంత్రం హైదరాబాద్ వైపు వెళ్లే డ్రైవరుకు ఎండ సూటిగా కళ్లలో కొడుతుంది. పొద్దున విజయవాడ వైపు వెళ్లేవాడికీ అంతే. అద్దం మీద దుమ్ముంటే ఇక చెప్పక్కర్లేదు, ఎదురుగా నిలబడ్డ మనిషి వాడికి కనపడడు. ఐదున్నరకు హైదరాబాద్ వైపు రోడ్డులో చెకింగ్ పెట్టమని ఎవరైనా అంటే, సార్, కాస్త చీకటి పడ్డాక లైట్లు పెట్టుకుని చేద్దాం లేదా అవతలి వైపు చేద్దాం అని మర్యాదగా చెప్పండి. నేను చెప్పేవాణ్ని. చాలామంది ఎస్సైలు వినేవాళ్లు కూడా.

ఇప్పుడు బండి ఆగింది. మనవాళ్లు సాధారణంగా ఏం చేస్తారు? నేరుగా డ్రైవరు దగ్గరికి పోతారు. ఒక్కసారి ఆలోచించండి. మన దేశంలో బండి ఎడమ పక్కకు ఆగుతుంది, డ్రైవరు కుడి వైపు కూర్చుంటాడు. వాడి కిటికీ దగ్గర నిలబడ్డామంటే మన వీపు రోడ్డుకు ఉంటుంది. కాగితాలు చూడటానికి తల వంచుతాం, వెనక నుంచి బస్సు పోతుంటుంది. మధ్యలో జానెడు జాగా. పది నిమిషాల పని అక్కడ నిలబడి చేయాల్సిన అవసరం ఏముంది? ఎడమ కిటికీ దగ్గరికి వెళ్లండి. లారీ అయితే క్లీనర్ సైడు నుంచి మాట్లాడండి. డ్రైవరు కాగితాలు అటు నుంచే అందిస్తాడు. కిందికి దిగమంటే కూడా క్లీనర్ వైపు నుంచే దిగమనండి. వాడి ప్రాణమూ ప్రాణమే. బైకు అయితే తెల్లగీత దాటించి, మట్టి మీదికి తోయించి, అప్పుడు మాట మొదలుపెట్టండి.

చలాన్ రాసేటప్పుడు ఇంకో మాట. ట్యాబ్ చేతిలో ఉంటే తల దానంతటదే కిందికి పోతుంది. ఒకరు రాస్తే ఒకరు చూడాలి. చూసేవాడికి వేరే పని చెప్పకూడదు. వచ్చే బండ్ల వైపు మొహం, నోట్లో విజిల్, అంతే. పోలీసు విజిల్ జనం కోసం అనుకుంటాం, నా లెక్కలో అది ముందు మన పక్కవాడి కోసం. రెండు బండ్ల బంపర్ల మధ్య ఎప్పుడూ నిలబడొద్దు. వెనక రెయిలింగ్ ఉన్నచోట నిలబడొద్దు. డ్యూటీ ఎక్కగానే ఎటు దూకాలో చూసి పెట్టుకోండి. కాలువ ఉందా, ముళ్లకంప ఉందా, మెత్తటి మట్టి ఉందా అన్నది పగలే నడిచి చూడాలి.

డ్యూటీలో వేసుకునే రిఫ్లెక్టర్ జాకెట్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆ పచ్చ రంగు పగటికే పనికొస్తుంది. రాత్రి ప్రాణం కాపాడేది దాని మీది వెండి పట్టీ. హెడ్‌లైటు దాని మీద పడితే వెలుతురు తిరిగి డ్రైవరు కంటికే వెళ్తుంది, మనిషి ఉన్నట్టు తెలుస్తుంది. దుమ్ము పట్టి, ఉతికి ఉతికి, మడతలు పడి ఆ పట్టీ చచ్చిపోతుంది. చూడటానికి మాత్రం జాకెట్ బాగానే ఉన్నట్టుంటుంది. పరీక్ష చాలా తేలిక. రాత్రి జాకెట్‌ని గేటుకి తగిలించి వంద అడుగుల దూరం వెళ్లండి. ఫోన్ టార్చ్‌ని కంటి పక్కన, కణత దగ్గర ఆనించి వేయండి. పట్టీ మెరిసిపోతే జాకెట్ మంచిది. మసగ్గా కనిపిస్తే దాన్ని పగటి డ్యూటీకి ఉంచి కొత్తది అడగండి. టార్చ్‌ని చేతిలో కిందికి పట్టుకుంటే సరిగా తెలియదు, కంటి పక్కనే ఉండాలి. ఇక వానాకాలం వచ్చిందంటే మనవాళ్లు జాకెట్ మీద రెయిన్‌కోటు తొడుగుతారు. పట్టీ లోపలికి పోతుంది. చినుకుల్లో, చీకట్లో, ఖాకీ రెయిన్‌కోటులో నడిరోడ్డు మీద మనిషి! చూసినప్పుడల్లా నా గుండె జారిపోయేది. రెయిన్‌కోటు వేసి దాని మీద జాకెట్ వేయండి. తడిస్తే ఆరుతుంది.

బారికేడ్లదీ అదే కథ. చాలాచోట్ల దుకాణాల వాళ్లు ఇచ్చినవే వాడతాం. ఇచ్చినవాళ్లకు దండం. కానీ వాటి మీద పేరు, ఫోన్ నంబరు పెద్దగా ఉంటాయి, రేడియం స్టిక్కరు ఉండదు. రాత్రి రోడ్డుకు అడ్డంగా అలాంటివి పెడితే బైకు మీద వచ్చే కుర్రాడికి దగ్గరికొచ్చే దాకా తెలియదు. నేను పనిచేసిన ఒక స్టేషన్లో కోన్ల కోసం రాసీ రాసీ విసిగిపోయాం. చివరికి మేమే డబ్బులేసుకుని రేడియం టేపు తెచ్చి బారికేడ్లకు చుట్టాం. ఇది సిబ్బంది జేబులోంచి పెట్టాల్సిన ఖర్చు కాదు. పైవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఈ ఒక్క సంగతి పట్టించుకోమని చేతులు జోడించి అడుగుతున్నాను.

డ్రంక్ అండ్ డ్రైవ్ చెకింగులు మరీ ప్రమాదం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. కోర్టుకు పోవాలి. ఇదంతా తాగినవాడికి తెలుసు, అందుకే బారికేడ్ చూడగానే వాడి బుర్ర పనిచేయదు. బండి వెనక్కి తిప్పుతాడు, రాంగ్ రూట్లో పోతాడు, లేదా గట్టిగా తొక్కి మధ్యలోంచి దూసుకుపోతాడు. అప్పుడు మనవాళ్లకు పౌరుషం వస్తుంది. ఎదురెళ్లి బానెట్ మీద చెయ్యి పెడతారు, బైకు హ్యాండిల్ పట్టుకుని లాగుతారు, నడుస్తున్న బండిలోంచి తాళం చెవి గుంజుతారు. తమ్ముళ్లూ, వద్దు. బానెట్ మీద మనిషిని వేసుకుని కార్లు పరుగెత్తిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. హ్యాండిల్ లాగితే పడేది ఆ కుర్రాడే, వెనక కూర్చున్న ఆడమనిషే. నంబరు చూడండి, వైర్‌లెస్ సెట్‌లో ముందు పాయింట్‌కి చెప్పండి. సీసీ కెమెరాలున్నాయి, బండికి అడ్రసుంది. రేపు పొద్దున ఇంటికెళ్లి పట్టుకోవచ్చు. వాడు పారిపోయినందుకు మన పరువేం పోదు. బారికేడ్లను ఎదురెదురుగా వంకర దారిలా పెట్టి వేగం చచ్చేలా చేస్తే, అసలు అంత దూరం రాదు వ్యవహారం.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది మాత్రం చెకింగ్ కాదు, యాక్సిడెంట్ స్పాట్. ఒకటి జరిగింది, జనం మూగారు, 108 వచ్చింది, మనం అటే చూస్తుంటాం. వెనక నుంచి వచ్చేవాడికి అక్కడేమైందో తెలియదు. ఒక రాత్రి మా టీములో హోంగార్డు రోడ్డు మీద పడ్డ గాజు పెంకులు చీపురుతో ఊడుస్తున్నాడు. బైకుల టైర్లకు గుచ్చుకుంటాయని ఎవరూ చెప్పకపోయినా చేసేవాడు, అలాంటి మనిషి. డీసీఎం వ్యాను వచ్చి కొట్టింది. కాలు పోలేదు గానీ మునుపటిలా నడవలేకపోయాడు. హోంగార్డుకు రోజు లెక్కన వస్తుంది డబ్బు. మంచాన పడ్డ ఆ నెలలు ఇల్లు ఎలా గడిచిందో మాకు తెలుసు, మేమే తలా కొంచెం వేసుకున్నాం. అందుకే హోంగార్డు డ్యూటీలో ఉన్నా, కానిస్టేబుల్ ఉన్నా, కోన్లు పరిచాకే చీపురు పట్టాలి.

స్పాట్‌కి వెళ్లగానే పెట్రోలింగ్ బండిని ప్రమాదం జరిగిన బండికి వెనక, కాస్త దూరంగా, ఏటవాలుగా ఆపండి. చక్రాలు మనుషులున్న వైపు కాకుండా పక్కకు తిప్పి ఉంచండి. ఎవడైనా వచ్చి గుద్దినా మన బండి మనవాళ్ల మీదికి దొర్లదు. పైన తిరిగే లైటు చాలు, ఎదురు వచ్చేవాడి కళ్లలో పడేలా హెడ్‌లైట్లు ఉంచొద్దు. కోన్లు పెట్టేటప్పుడు వచ్చే బండ్లకు మొహం పెట్టి నడవండి, వీపు చూపించొద్దు. తర్వాతే గాయపడ్డవాళ్లు. ఈ మాట కఠినంగా ఉంటుందని తెలుసు. కానీ ఆ రెండు నిమిషాలు వెచ్చించకపోతే గాయపడ్డవాళ్ల పక్కన మనమూ పడుకుంటాం, అప్పుడు ఎవరు ఎవరిని లేపుతారు?

మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. అక్కడ పోలీసు బండి లైట్లు వేసుకుని పక్కన ఆగి ఉంటే, ఆ పక్క లేన్ ఖాళీ చేసి అవతలి లేన్‌లోకి మారాలట. కుదరకపోతే స్పీడ్ లిమిట్ కంటే 20 మైళ్లు తగ్గించాలట, లేదంటే టికెట్. ఈ చట్టం 1996లో సౌత్ కరోలినాలో మొదలై, ఇప్పుడు 50 రాష్ట్రాల్లోనూ ఉంది. మన చట్టంలో సెక్షన్ 194ఇ అంబులెన్స్‌కో ఫైరింజన్‌కో దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా అంటుంది. మంచిదే. కానీ అది మన వైపు వచ్చే బండి గురించి. రోడ్డంచున ఆగి పనిచేస్తున్న మనిషి గురించి ఆ సెక్షన్లో ఏమీ లేదు. అలాంటి సెక్షన్ మనకూ కావాలి. క్రేన్ డ్రైవరు, 108 టెక్నీషియన్, రోడ్డు మరమ్మతు చేసే కూలీ, అందరికీ వర్తించేలా.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు, డ్రైవర్లు ఇవాళే చేయొచ్చు. సంక్రాంతికి ఈ రోడ్డు మీద పంతంగి టోల్ దగ్గర ఎంత రద్దీ ఉంటుందో మీకు తెలిసిందే. ముందర ఎర్రా నీలం లైట్లు కనపడితే కాలు తీసేయండి, పక్క లేన్ ఖాళీ అయితే మారండి, ఫోన్ తీసి వీడియో పట్టొద్దు. మీ బండే ఆగిపోతే ఎడమ అంచుకు తెచ్చి, పార్కింగ్ లైట్లు (నాలుగు ఇండికేటర్లూ) వేసి, ఎరుపు ట్రయాంగిల్‌ని వెనక బాగా దూరంగా పెట్టండి. కారులో కూర్చుని క్రేన్ కోసం ఎదురు చూడొద్దు. పిల్లలు నిద్రపోతున్నా సరే, పెద్దవాళ్లు విసుక్కున్నా సరే, అందర్నీ ఎడమ తలుపు నుంచి దింపి రెయిలింగ్ అవతలికి తీసుకెళ్లండి. హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ అక్కడి నుంచే చేయొచ్చు.