పళ్లెం నిండా ఉన్నాయి, చేపకు మాత్రం మేత లేదు

కాలిఫోర్నియా బే ఏరియాలో నలుగురు తెలుగువాళ్లు చేరి నీళ్ల కరువు గురించి మాట్లాడుకుంటే డెల్టా స్మెల్ట్ అనే చిన్న చేప పేరు రాకుండా ఉండదు. మొన్న ఫ్రీమాంట్‌లో భోజనాల దగ్గర ఒక అన్నయ్య, "వేలెడంత చేప కోసం రైతుల నీళ్లు ఆపడం ఏంటమ్మా?" అని అడిగారు. నీళ్ల పంపకం పెద్ద గొడవ, దాని జోలికి పోలేదు. ఆ చేప తినే మేత గురించి చెప్పాను. నేను రోజంతా చూసేది దాన్నే.

ల్యాబ్‌లో నా పని జంతు ప్లవకాలను, అంటే నీళ్లలో తేలుతూ బతికే చిన్న చిన్న జీవులను లెక్కపెట్టడం. స్మెల్ట్ మేత అవే. శాక్రమెంటో, శాన్ వాకీన్ నదుల మంచినీళ్లు సముద్రపు ఉప్పునీళ్లతో కలిసే సుసూన్ బేలో సన్నటి వలతో పట్టినవి ఫార్మలిన్ సీసాల్లో వస్తాయి. రోజ్ బెంగాల్ రంగు వేస్తే జీవులు గులాబీ రంగుకు తిరిగి బురదలోంచి తేలిగ్గా కనబడతాయి. వాటిలో యూరిటెమోరా అనే కోపిపాడ్ (రొయ్యల దూరపు చుట్టంలాంటి చిన్న జీవి) మిల్లీమీటరు పొడవుంటుంది. ఆడదానికి వెనకవైపు రెండు పక్కలా రెక్కల్లాంటి మొనలు, పొట్ట కింద ఒకే గుడ్ల సంచి. లిమ్నోయితోనా అనే మరో కోపిపాడ్ అందులో సగమే, దానికి రెండు సంచులు.

ఒకప్పుడు వేసవిలో కూడా ఇక్కడ యూరిటెమోరాదే రాజ్యం. (అది కూడా 1879లో తూర్పు తీరం నుంచి రైల్లో తెచ్చి వదిలిన స్ట్రైప్డ్ బాస్ చేపలతో వచ్చిందేమోనని కొందరి అనుమానం. వచ్చినా, స్మెల్ట్ దాన్ని తింటూ తరాలు గడిచాయి.) 1986లో ఆసియా నుంచి పొటమోకార్బులా అనే చిన్న ఆలుచిప్ప దిగింది. ఓడలు ఒరిగిపోకుండా అడుగున నింపుకుని, రేవులో వదిలే బ్యాలస్ట్ నీళ్లలో దాని పిల్లలు వచ్చాయని అంచనా. అది నీళ్లను వడకట్టి, కోపిపాడ్‌లు తినే కంటికి కనబడనంత సన్నటి నాచునూ, కోపిపాడ్ పిల్లలనూ కలిపి మింగేస్తుంది. రెండేళ్లు తిరక్కుండానే వేసవి నాచు అడుగంటింది. యూరిటెమోరా ఇప్పుడు వసంతంలో కనబడి, ఎండలు ముదిరేసరికి మాయమవుతుంది.

ఆ ఖాళీలోకి వచ్చినవన్నీ ఒకలాంటివి కావు. 1980ల చివర్లో ఆసియా నుంచే వచ్చిన సూడోడయాప్టమస్‌ను స్మెల్ట్ బాగానే తింటుంది, వేసవిలో దాని కడుపు నింపేది ఎక్కువగా అదే. 1993లో దొరికిన లిమ్నోయితోనా కథ వేరు. స్మెల్ట్ కంటితో చూసి వేటాడే చేప. ఇది మరీ చిన్నది, పైగా ఎక్కువసేపు కదలకుండా ఉంటుంది. చేప కంట పడదు, పడినా ఒక్కోదానిలో ఉండే తిండి ఎంతని! నాచు తగ్గినా దానికి పెద్ద నష్టం లేదు, కదిలే ఏకకణ జీవులను పట్టుకుని బతికేస్తుంది. అందుకే ఇవాళ సుసూన్‌లో ఏ కోపిపాడ్ కన్నా అదే ఎక్కువ. స్మెల్ట్‌ను ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చిందీ ఆ 1993లోనే.

నన్ను బాధపెట్టేది ఇదే. మొత్తం సంఖ్య మాత్రమే చూసేవాళ్లకు ఏటిలో మేతకు లోటే లేదనిపిస్తుంది. పళ్లెం నిండా గులాబీ చుక్కలే మరి. వాటిలో చేప నోటికి అందేవి ఎన్ని అన్నది విడిగా అడగాలి. స్మెల్ట్ తగ్గడానికి ఇదొక్కటే కారణం అనను, నీళ్లు తోడేసే పంపులున్నాయి, వేడెక్కిన నీళ్లున్నాయి. కానీ మేత మాట ఎత్తకుండా చేప గురించి తీర్పు చెప్పడం అన్యాయం.

విశాఖ హార్బర్‌లోనూ 1967లో మైటిలాప్సిస్ అనే అమెరికా ఆలుచిప్ప బయటపడింది. రేవు ఉన్న ప్రతి ఊరిదీ ఈ సమస్యే. కాలిఫోర్నియా 1999లో బ్యాలస్ట్ నీళ్ల మీద చట్టం చేసింది, అంతర్జాతీయ ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది. మంచిదే. కానీ లిమ్నోయితోనాను ఇక ఏ వలతోనూ ఏరెయ్యలేం. సుసూన్ చుట్టుపక్కల పాత గట్లు తెంచి పోటునీళ్లను చిత్తడి నేలల్లోకి మళ్లిస్తున్నారు, అక్కడ మేత పుడుతుందని ఆశ. అక్కడి సీసాలు వస్తే నేను మొదట వెతికేది ఒక్క సంచి ఉన్న యూరిటెమోరాలనే.