పారిపోయే దొంగ మీద దెబ్బ వేయొద్దు

రాత్రి ఇంట్లో దొంగ పడితే చంపేయొచ్చా? నేరాలకు శిక్షలు చెప్పే మన చట్టం, భారతీయ న్యాయ సంహిత 41వ సెక్షన్ ప్రకారం, సూర్యాస్తమయం తర్వాత, తెల్లవారేలోపు తాళమో తలుపో పగలగొట్టి చొరబడినవాణ్ని అడ్డుకోవడంలో ప్రాణం తీసేదాకా హక్కుంది. పగటి దొంగతనమైతే ప్రాణభయమో, తీవ్రగాయాల భయమో కలిగే పరిస్థితి ఉండాలి.

కానీ అందరూ 37వ సెక్షన్ మర్చిపోతారు. అవసరానికి మించి హాని చేయకూడదంటుంది అది. అసలు చిక్కంతా ఇక్కడే. వాడు కత్తి పడేశాక, గోడ దూకి పరుగెత్తుతుండగా, స్తంభానికి కట్టేశాక పడే దెబ్బ రక్షణ కాదు, కక్ష. ఆ దెబ్బకు ప్రాణం పోతే హత్య కేసు మన మీదే. ఆత్మరక్షణ అని చూపించాల్సిన భారం కూడా మనదే. సందేహానికి తావు లేకుండా నిరూపించక్కర్లేదు, జరిగి ఉండొచ్చనిపిస్తే చాలు. అయితే గాయాలన్నీ వీపు మీదే ఉంటే ఆ వాదన నిలబడటం కష్టం.

నాకైతే చట్టం గీసిన ఈ గీత న్యాయంగానే అనిపిస్తుంది. మనం కాపాడుకోవాల్సింది పిల్లల్ని, బీరువాని కాదు.

అలికిడి వినగానే అందరూ ఒకే గదిలోకి చేరి గడియ వేసుకోండి. లైట్లు వేయండి, గట్టిగా అరవండి, 112కి ఫోన్ చేయండి. వాడు బయటికి పోయే దారికి మాత్రం అడ్డం నిలబడకండి.