స్లాబు చల్లబడింది

ఖమ్మంలో సొంతిల్లు కట్టుకున్నాక ఇది రెండో ఎండాకాలం. కట్టేటప్పుడు మేస్త్రీ "వెంటిలేటర్లు ఎందుకు సార్, ఎలాగూ ఏసీ పెట్టుకుంటారుగా" అంటే తలూపేశాను. నిరుడు తెలిసొచ్చింది. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రి 11 దాటినా సెగలు కక్కేది. ఫ్యాను ఆ వేడినే కిందికి తోసేది. కరెంటు పోతే ఇక చెప్పక్కర్లేదు.

ఈసారి మార్చిలోనే డాబా మీద రెండు పూతలు సున్నం వేయించాను. హాల్లో పైన రెండు వెంటిలేటర్లు కొట్టించాను (ఆ దుమ్ము చూసి మా ఆవిడ రెండ్రోజులు మాట్లాడలేదు). పగలు కిటికీలు మూసేసి, పొద్దుగూకాక కిటికీలతో పాటు మెట్ల గది తలుపూ తీస్తున్నాం. వేడిగాలి పైనుంచి పోతుంటే, కింద నుంచి చల్లగాలి వస్తోంది. నిన్న రాత్రి అమ్మ ఏసీ ఆపేయమంది. చలేస్తోందట!