పర్లాకిమిడి కరెంటు, డాక్‌లో రొద: లీనియర్ సప్లై కట్టుకున్న నా అనుభవం

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో ఉన్న పాత హరికథ క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాను. వాటిని రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ డాక్‌కి (డిజిటల్ పాటని మామూలు ఆడియోగా మార్చే పెట్టె), అక్కడి నుంచి యాంప్లిఫయర్‌కి ఇచ్చి వింటాను. భాగవతార్ ఊపిరి తీసుకునే చోటల్లా వెనకాల సన్నగా జుయ్‌మని రొద. క్యాసెట్‌లోది అనుకుందామంటే కథ ఆపేసినా వినిపిస్తోంది.

ఎవరిని అడిగినా ఒకటే మాట: "అడాప్టర్ ఎస్‌ఎంపీఎస్ కదా, తీసేసి లీనియర్ పెట్టు." (ఎస్‌ఎంపీఎస్ అంటే కరెంటుని వేగంగా తెగ్గొట్టి వోల్టేజీ తగ్గించే రకం; లీనియర్ అంటే ట్రాన్స్‌ఫార్మర్‌తో తగ్గించి, మిగిలింది వేడిగా వదిలేసే రకం.) డబ్బు పెట్టేముందు రొద ఏ దారిన వస్తోందో తేల్చుకుందామని కూర్చున్నాను. డాక్‌కి అడాప్టర్ తీసి పవర్ బ్యాంక్ పెడితే రొద కొంత తగ్గింది. రాస్‌బెర్రీ పైకి కూడా పవర్ బ్యాంకే పెడితే పూర్తిగా పోయింది. తర్వాత రెండు అడాప్టర్లూ మళ్లీ తగిలించి, యాంప్లిఫయర్ వైరు పీకేసి, హెడ్‌ఫోన్ నేరుగా డాక్‌కి పెట్టి విన్నాను. చప్పుడే లేదు! అంటే అడాప్టర్లు ఉన్నా, యాంప్లిఫయర్ కలిస్తే తప్ప రొద రావట్లేదు.

డాక్ ఇనుప ఒంటికి టెస్టర్ ఆనిస్తే మినుకుమినుకుమంది. ఎస్‌ఎంపీఎస్ 230 వోల్టుల ఏసీని ముందు దాదాపు 325 వోల్టుల డీసీ చేసి, సెకనుకు పదుల వేలసార్లు తెగ్గొట్టి చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతుంది. ఆ గోల బయటికి పాకకుండా మెయిన్స్ వైపుకీ అవుట్‌పుట్ వైపుకీ మధ్య ఓ చిన్న కెపాసిటర్ పెడతారు, వై కెపాసిటర్ అని. దాని గుండా పిసరంత కరెంటు ఇవతలికి కారుతుంది. మనిషికి ప్రమాదం లేదు, ముట్టుకుంటే చిమచిమలాడుతుంది. రెండు పిన్నుల అడాప్టర్‌కి ఎర్త్ ఉండదు. మూడు పిన్నుల యాంప్లిఫయర్‌కి ఉంటుంది. కారిన కరెంటు ఆడియో వైరు చుట్టూ ఉండే లోహపు జాలీ మీదుగా ఆ ఎర్త్‌కి పోతూ పోతూ పాటలో కలుస్తుంది.

అందుకని ముందు డాక్ ఒంటి నుంచి స్విచ్‌బోర్డ్ ఎర్త్‌కి విడిగా ఓ మందపాటి వైరు లాగాను. రొద చాలావరకు అణిగింది. (ఉప్పు, బొగ్గు వేసి పాతిన మా ఎర్త్ గొయ్యికి ఎండాకాలం నీళ్లు పోయకపోతే ఈ వైద్యం పనిచేయదు.) రాత్రిపూట చెవి పెట్టి వింటే ఇంకా కాస్త మిగిలే ఉంది. దానికోసం డాక్‌కి లీనియర్ కట్టడానికి దిగాను.

సామాను కోసం శ్రీకాకుళం వెళ్లాను. ఐదు వోల్టులకి 7805 (వోల్టేజీని ఐదు దగ్గర నిలిపే చిప్) పెట్టి, 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుందామనుకుంటే కొట్లో మేస్త్రి నవ్వాడు.

"తొమ్మిది ఏటి సరిపోద్ది బాబూ? సాయంత్రం మీ ఇంట్లో కరెంటు ఎంతుంటాదో చూసేవా?"

చూసే ఉన్నాను. దీపాలు పెట్టే వేళకి 170 వోల్టులకి జారుతుంది. లెక్క వేస్తే ఆయన మాటే నిజం. 230 ఉన్నప్పుడు 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జ్ (ఏసీని డీసీ చేసే డయోడ్ల జట్టు) దాటాక దాదాపు 11 వోల్టుల డీసీ ఇస్తుంది. 170 దగ్గర అది ఏడున్నరకి పడిపోతుంది. అర ఆంపియర్ లాగితే 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీద ఇంకో వోల్టు ఊగుతుంది. 7805కి కనీసం ఏడైనా కావాలి. అది అందని క్షణాల్లో 100 హెర్ట్‌జ్ హమ్ (గుయ్‌మనే మోత) నేరుగా డాక్‌లోకి దిగుతుంది. మామూలు అడాప్టర్‌కి ఈ బాధ లేదు, 100 నుంచి 240 వరకు ఏది ఇచ్చినా పనిచేస్తుంది. ఊరి కరెంటు చూసుకోకుండా లీనియర్ గొప్పదనడం నాకు నచ్చనిది ఇందుకే.

చివరికి 12 వోల్టులది, ఒక ఆంపియర్‌ది తెచ్చాను. మెయిన్స్ వైపు ఫ్యూజ్ వేశాను. సాయంత్రాలు ఢోకా లేదు. కానీ కరెంటు నిండుగా ఉన్నప్పుడు 15 వోల్టులు వచ్చి, అందులో పది 7805 మీదే వేడిగా పోతుంది. అర ఆంపియర్‌కి ఐదు వాట్లు! అరచేయంత హీట్‌సింక్ బిగించినా వేలు పెడితే చురుక్కుమంటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ని డాక్ పక్కనే పెడితే దాని అయస్కాంత క్షేత్రం వల్ల వేరే హమ్ మొదలైంది. అడుగు దూరం జరిపితే పోయింది.

రొద ఇప్పుడు అర్ధరాత్రి వెతికినా దొరకదు. స్వరం విచ్చుకుంటుందనీ, మృదంగం లోతు పెరుగుతుందనీ చాలామంది అంటారు. మా తమ్ముణ్ణి చాటుగా సప్లై మార్చమని విన్నాను. ఎర్త్ వైరు ఉన్నాక మామూలు సౌండ్‌లో కథ నడుస్తుంటే ఏది ఏదో చెప్పలేకపోయాను. డాక్ లోపల దానికి సొంత రెగ్యులేటర్లు ఉండనే ఉన్నాయి మరి.

రాస్‌బెర్రీ పైకి పాత అడాప్టరే ఉంచేశాను. దాని బోర్డు మీదే స్విచింగ్ కన్వర్టర్లు (ఎస్‌ఎంపీఎస్‌లా తెగ్గొట్టేవే) ఉన్నాయి, పైగా మూడు ఆంపియర్ల సప్లై అడుగుతుంది. దానికి లీనియర్ కడితే గదిలో ఇంకో పొయ్యి పెట్టుకున్నట్టే. అందులోంచి కారే కరెంటు సంగతి ఆ ఎర్త్ వైరే చూసుకుంటోంది.