నల్ల టేపు ముక్క

మంగళవారం, రాత్రి పదిన్నర.

ఈ రోజు సంగతి మర్చిపోకముందే రాసిపెట్టుకోవాలి. ప్రమాదమేమీ జరగలేదు. మూడు రాగి లగ్గులు (కేబుల్ చివర తొడిగి బోల్టుతో బిగించే ముక్కలు), వేడిని బొమ్మగా చూపించే ఒక థర్మల్ కెమెరా, నెల క్రితం నేను "నార్మల్" అని రాసి సంతకం పెట్టిన ఒక రిపోర్టు, అంతే. కానీ మధ్యాహ్నం నుంచి మనసు వాటి చుట్టూనే తిరుగుతోంది.

పొద్దున ఎనిమిదింటికల్లా కెమెరా పట్టుకుని పానెల్ రూమ్‌కి వెళ్లాను. ఆఫీసులో ఏసీ, అక్కడ ఉక్కపోత. లోపల అడుగు పెట్టగానే లెన్సు మీద ఆవిరి పట్టేసింది. తుడవాలని చెయ్యి ముందుకెళ్లింది గానీ ఆపుకున్నాను. అది గాజు లెన్సు కాదు, జెర్మేనియం. ఈ కెమెరా చూసే 8 నుంచి 14 మైక్రాన్ల పరారుణ కిరణాలు మామూలు గాజులోంచి రావు, జెర్మేనియంలోంచి వస్తాయి. దాని మీద వేసిన పూత చాలా సున్నితం, చొక్కా అంచుతో రుద్దితే గీతలు పడతాయి. కాబట్టి కెమెరా ఆన్ చేసి బల్ల మీద పెట్టి పావుగంట ఆగాను. మొదట్లో లోపలి షట్టర్ మాటిమాటికీ "టక్" మంటుంది. ఒక చిన్న రేకు సెన్సర్‌కి అడ్డంగా వచ్చి, పిక్సెళ్లన్నిటికీ ఒకే వేడిని చూపించి, వాటి మధ్య తేడాలు సరిచేస్తుంది. ఆ చప్పుడు పల్చబడేదాకా అంకెలు నమ్మకూడదని నా పద్ధతి. హడావుడిలో ఉన్నవాళ్లకి ఈ పావుగంట దండగలా అనిపిస్తుంది. నాకైతే కొలతలో సగం పని ఇక్కడే అయిపోతుంది.

మొదటి రెండు పానెళ్లలో చెప్పుకోవాల్సిందేమీ లేదు. మూడోది ఫీడర్ పానెల్. బాబాయ్ ఫేస్ షీల్డు, కరెంటు మంట నుంచి కాపాడే ఆర్క్ సూటు వేసుకుని తలుపు తీశారు. మా దగ్గర అందరికంటే పాత ఎలక్ట్రీషియన్ ఆయన. కెమెరాలు రాకముందు పానెల్ తలుపు మీద మడిచిన చేతి వెనకభాగం ఆనించి వేడి కనిపెట్టేవారు. ఇప్పటికీ ముందు ఆయన ముక్కు పనిచేస్తుంది, తర్వాతే నా కెమెరా.

"అమ్మా, ఏదో కమురు వాసన వస్తోంది" అన్నారు.

నాకు రాలేదు. కెమెరా ఎత్తి చూస్తే తెర అంతా ఒకే రంగు. లోపల పారదర్శకంగా ఒక ప్లాస్టిక్ షీటు అడ్డం ఉంది. కంటికి దాని వెనకున్న బోల్టులు కూడా కనిపిస్తున్నాయి, కెమెరాకి మాత్రం అది గోడ. దాని వెనక కొలిమి ఉన్నా అది షీటు వేడినే చూపిస్తుంది. తలకిందులుగా, పల్చటి నల్ల పాలిథీన్ సంచిలో చెయ్యి పెడితే కంటికి చెయ్యి కనిపించదు, కెమెరాకి వేళ్లతో సహా కనిపిస్తుంది. పారదర్శకం అన్న మాట ఎవరి కంటికి అని అడగాల్సిన పరికరం ఇది.

బాబాయ్ షీటు తీశాక ముందు మీటర్ చూశాను. లోడు 85 శాతం. ఇది రాసుకోకుండా వేడి రాసుకుంటే ప్రయోజనం లేదు. జాయింటులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లోడు సగమైతే వేడి నాలుగో వంతుకి పడిపోతుంది, చెడ్డ జాయింటు కూడా బుద్ధిమంతురాలిలా కనిపిస్తుంది.

దూరం సంగతీ అంతే. మా కెమెరాకి 160 పిక్సెళ్ల వెడల్పు, 25 డిగ్రీల చూపు. అంటే మీటరు దూరంలో ఒక్కో పిక్సెల్ సుమారు 2.7 మిల్లీమీటర్లు కప్పుతుంది. నమ్మదగిన అంకె కావాలంటే కనీసం మూడు పిక్సెళ్ల వెడల్పు, మూడు పిక్సెళ్ల ఎత్తు నిండా ఆ వస్తువే ఉండాలి. మూడు మీటర్ల నుంచి చూస్తే ఆ చదరం 24 మిల్లీమీటర్లకి పెరుగుతుంది, బోల్టు తలేమో 17. అప్పుడు తెర మీద వచ్చేది బోల్టు వేడి కాదు, బోల్టూ దాని వెనకున్నదీ కలిపిన సగటు. నాకూ ఫేస్ షీల్డు, సూటు ఉన్నాయి కాబట్టి అనుమతి ఉన్నంత దగ్గరికి జరిగి ఫోకస్ సరిచేశాను. ఎమిసివిటీ (వస్తువు తన వేడిని ఏ మేరకు కిరణాలుగా పంపుతుందో చెప్పే అంకె), రంగులు, స్కేలు తర్వాత కంప్యూటర్‌లో మార్చుకోవచ్చు. మసకగా తీసిన ఫొటోని మాత్రం ఎవరూ బాగుచేయలేరు, మసకబారితే అత్యధిక వేడి కూడా తగ్గి కనిపిస్తుంది.

మూడు ఫేజుల్లో ఆర్ ఫేజు లగ్గు 37 డిగ్రీలు, వై ఫేజు 41, బి ఫేజు 36. గది 34. ఎమిసివిటీ 0.95 దగ్గర ఉంది.

బస్‌బార్ (పానెల్‌లో కరెంటు మోసే లోహపు పట్టీ) మీద ఒక చోట ఎర్రటి మచ్చ కూడా కనిపించింది. పక్కకి ఒక అడుగు వేశాను, మచ్చ కూడా నాతో పాటు జరిగింది. అది నా ప్రతిబింబం. మెరిసే లోహం ఈ కిరణాలకి అద్దమే, ఎదురుగా ఉన్నవాళ్ల వేడినే తిప్పి చూపిస్తుంది. అందుకే ఎదురుగా నిలబడకుండా కాస్త ఏటవాలుగా చూడాలి. నిజమైన వేడి ఉన్నచోటే ఉంటుంది, ప్రతిబింబం మనతో నడుస్తుంది.

నాలుగైదు డిగ్రీల తేడా, 41 అంటే ఏముంది, "నార్మల్" అని రాయబోయాను. బాబాయ్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. వెయ్యడం లేదు.

"ఇంకోసారి చూడమ్మా. వాసన అబద్ధం చెప్పదు."

అప్పుడు రంగుల స్కేలు ఆటో మోడ్‌లోంచి తీసి 30 నుంచి 90కి బిగించాను. ఆటోలో కెమెరా ప్రతి ఫ్రేముకీ రంగులు మార్చేసుకుంటుంది, అందులో ఎరుపుకి స్థిరమైన అర్థం లేదు. ఇప్పుడు మూడు ఫేజులూ ఒకే కొలబద్ద మీదికి వచ్చాయి. వై ఫేజు లగ్గు నీలంగానే ఉంది. కానీ లగ్గు అయిపోయి కేబుల్ మొదలయ్యే చోట, రెండు వేళ్ల వెడల్పున, ఇన్సులేషన్ పసుపు దాటి తెల్లగా వెలుగుతోంది. దూరం పోయేకొద్దీ ఆ తెలుపు మెల్లగా ఎర్రబడి, ఊదారంగులోకి దిగి మామూలైపోయింది. స్పాట్, అంటే తెర మీద వేడి చదివే గుర్తు, అక్కడికి జరిపాను. 81. పక్క రెండు ఫేజుల ఇన్సులేషన్ 52, 51.

ఆ క్షణం ఒళ్లు జల్లుమంది. లగ్గు 41లో ఉంటే దానికి అతుక్కున్న ఇన్సులేషన్ 81కి ఎలా వస్తుంది? వేడి ఎక్కడి నుంచో రావాలి కదా. లగ్గులోంచే వస్తోంది. లగ్గే చెప్పడం లేదు.

ఈ విషయం నాకు తెలియనిది కాదు. ప్లాస్టిక్, రంగు వేసిన రేకు, మనిషి చర్మం లాంటివి తమ వేడిలో చాలా భాగాన్ని కిరణాలుగా బయటికి పంపిస్తాయి. వాటి ఎమిసివిటీ 0.9 పైనే, చర్మానిదైతే 0.98. మెరిసే రాగికి అది 0.1 కూడా ఉండకపోవచ్చు. కెమెరాకి వేడి తెలియదు, తన దగ్గరికి వచ్చిన కిరణాలు మాత్రమే తెలుసు. మనం 0.95 అని చెబితే ఆ మాట నమ్మి లెక్క కట్టి అంకె ఇస్తుంది. రాగి నుంచి వచ్చిన ఆ కొద్ది కిరణాల్లో ఎక్కువ భాగం గదిదే. 0.1 వేసి కాగితం మీద లెక్క కడితే ఆ 41 వెనక లగ్గు అసలు వేడి 90 డిగ్రీల దగ్గర ఉండాలి. ఎమిసివిటీని 0.1కి దించితే కెమెరాయే ఆ అంకె ఇస్తుంది కదా అంటే, ఇస్తుంది గానీ నేను దాన్ని రిపోర్టులో రాయను. అది 0.08 కావచ్చు, 0.12 కావచ్చు, ఆ కొంచెం తేడాకే పది డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది. చెప్పగలిగింది ఇన్సులేషనే. అది మామూలు పీవీసీ, దాని హద్దు 70 డిగ్రీలు.

ఒకే రకం భాగాల మధ్య, ఒకే లోడులో, 15 డిగ్రీలకి మించి తేడా ఉంటే వెంటనే సరిచేయాలని నేటా (విద్యుత్ పరీక్షల ప్రమాణాలు రాసే అమెరికా సంస్థ) పట్టిక చెబుతుంది. ఇక్కడ తేడా 30. సూపర్‌వైజర్ గారికి ఫొటో చూపించాను. ఒక్క ప్రశ్న కూడా వేయకుండా భోజన విరామంలో షట్‌డౌన్ ఇచ్చారు. లాకు, ట్యాగు వేసి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకున్నాకే బాబాయ్ చెయ్యి పెట్టారు. బోల్టు అర చుట్టుకి పైనే తిరిగింది. లగ్గు విప్పితే లోపలి ముఖం నల్లగా కమిలిపోయి ఉంది, స్ప్రింగ్ వాషర్ చదునైపోయింది. కమిలిన ఇన్సులేషన్ దాకా కోసేసి, కొత్త లగ్గు వేసి, టార్క్ రెంచితో బిగించారు.

కరెంటు ఇచ్చేముందు ఒక పని చేశాను. మూడు లగ్గుల చదును భాగం మీద నల్ల ఎలక్ట్రికల్ టేపు ముక్క, అంగుళం పొడవు, గాలి బుడగలు లేకుండా నొక్కి అతికించాను. దాని ఎమిసివిటీ 0.95 దగ్గర్లో ఉంటుంది. టేపు పల్చగా ఉంటుంది కాబట్టి కాసేపట్లో కింది లోహం వేడే దానికీ వస్తుంది. కరెంటు ఉండగా ఈ పని ఎవరూ చేయకూడదు, అందుకే షట్‌డౌన్ దొరికిన రోజే చేసేయాలి.

లోడు మళ్లీ 85కి వచ్చి వేడి నిలకడ పడటానికి గంట పైన పట్టింది. ఈలోగా బాబాయ్ గోడకి అరచెయ్యి ఆనించి తీసి, "ఇప్పుడు చూపించు" అన్నారు. తెర మీద అయిదు వేళ్లూ వెలుగుతున్నాయి. చిటికెనవేలు ముందు చెరిగింది, అరచేతి మడమ చివరిదాకా ఉంది. ఆయన నవ్వుతూ రెండో చెయ్యి కూడా ఆనించారు. 1800లో విలియం హెర్షెల్ పట్టకంతో ఎండని రంగులుగా విడదీసి, ఎరుపు అవతల, ఏ రంగూ లేని చోట థర్మామీటర్ పెడితే పాదరసం ఇంకా పైకెక్కిందని బాబాయ్‌కి చెప్పాను. యురేనస్‌ని కనిపెట్టినదీ ఆ హెర్షెలే అన్నాను. బాబాయ్ కాసేపు గోడనే చూసి, "కనపడని చోట థర్మామీటర్ పెట్టాలని ఎందుకు తోచిందో ఆయనకి" అన్నారు. నాకు ఆ ప్రశ్న ఇంకా చెవిలో ఉంది.

తర్వాత తలుపు తీశాం. వై ఫేజు లగ్గు మీద టేపు 56. దాని అంచు నుంచి గోరంత పక్కకి స్పాట్ జరిపితే, ఉత్త రాగి, 37. మళ్లీ టేపు మీదికి, 56. మళ్లీ రాగి, 37. ఒకే లోహపు ముక్క, మధ్యలో దారం పట్టేంత సందు. ఆ రెండు అంకెల మధ్య స్పాట్‌ని ఎన్నిసార్లు తిప్పానో. మిగతా రెండు టేపులు 55, 54.

సాయంత్రం అందరూ వెళ్లాక పోయిన నెల ఫొటో తెరిచాను. ఇది రాయడానికే ఈ రాత్రి కూర్చున్నాను. కెమెరా దాచే ఫొటోలో ప్రతి పిక్సెల్ వేడీ ఉంటుంది, స్పాట్ ఎప్పుడైనా ఎక్కడికైనా జరపొచ్చు. అప్పుడు నేను స్పాట్ సరిగ్గా లగ్గు మధ్యలో పెట్టాను. 34. లోడు 55 శాతం, గది 32. కింద నా చేతిరాతలో "నార్మల్". ఇప్పుడు స్పాట్ ఇన్సులేషన్ మీదికి జరిపాను. 48. పక్క ఫేజులు 39, 39.

తొమ్మిది డిగ్రీలు. నెల క్రితమే, ఆ తక్కువ లోడులోనే, ఆ ఫొటోలోనే ఉంది. కెమెరా తన పని చేసింది. నేను మెరిసే దాని మీద స్పాట్ పెట్టి, అది చెప్పింది రాసుకుని వచ్చేశాను. ఆ నెల రోజులూ ఆ పానెల్ ముందు బాబాయ్ ఎన్నిసార్లు నిలబడి ఉంటారో లెక్క వేయాలనిపించలేదు.

ఆ పాత రిపోర్టు మీద సవరణ రాసి, ఈ రోజు తారీఖు వేసి, ఫొటో జతచేసి సూపర్‌వైజర్ గారికి పంపాను. పోయిన నెల అదే పద్ధతిలో చూసిన పానెళ్లు ఇంకా పదకొండు ఉన్నాయి. వాటి ఫొటోలన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. నాలుగు చూడటం అయింది, వాటిలో తేడా ఏమీ లేదు. టేపు చుట్ట కెమెరా బ్యాగులోనే పెట్టాను. మిగతా ఏడూ పడుకునే లోపు చూడాలి.