ఐదు వాట్ల వాల్వు ఆంప్లిఫయరుకు స్పీకర్ల జత: కొలతల దశ

అమలాపురంలోని మా ఇంటి ముందుగదికి కట్టుకున్న ఈఎల్84 వాల్వుతో నడిచే సింగిల్ ఎండెడ్ (చానెలుకు ఒకే అవుట్‌పుట్ వాల్వు ఉండే) ఆంప్లిఫయరు చానెలుకు 5 వాట్లే ఇస్తుంది కనుక, స్పీకరులో ముందుగా చూడవలసింది సెన్సిటివిటీ, అంటే ఒక వాట్‌కు మీటరు దూరంలో ఎంత బిగ్గరగా పలుకుతుందనే లెక్క. పాత జతపై 86 డెసిబెల్స్ అని ఉంది. కానీ అవి 4 ఓమ్‌ల స్పీకర్లు, ఆ కొలతకు వాడే 2.83 వోల్టులకు వాటికి అందేది ఒక వాట్ కాదు, రెండు. కాబట్టి అసలు లెక్క 83. ఇప్పుడు పెట్టెల్లో బిగించిన 8 అంగుళాల ఫుల్‌రేంజి స్పీకర్లు 8 ఓమ్‌లు, 94 డెసిబెల్స్. ఆ 5 వాట్లకే మీటరు దూరంలో 101 వరకు పలుకుతాయి.

అయినా నా దృష్టిలో వాట్ల కంటే ఇంపెడెన్స్ (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర స్పీకరు ఎన్ని ఓమ్‌ల అడ్డు చూపుతుందనే) తీరే ముఖ్యం. దాన్ని కొలవడానికి ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయరు నుండి 1000 ఓమ్‌ల రెసిస్టరు ద్వారా టోన్ పంపి, స్పీకరు స్థానంలో 10 ఓమ్‌ల రెసిస్టరు ఉంచి మల్టీమీటరులో 100 మిల్లీవోల్టులు వచ్చేలా సరిచేశాను. తర్వాత స్పీకరు తగిలిస్తే, చూపిన మిల్లీవోల్టులను పదితో భాగించగా ఓమ్‌లు వస్తాయి. కనిష్ఠం 6.5 ఓమ్‌లు, 62 హెర్ట్జ్ దగ్గర శిఖరం 38. ఆంప్లిఫయరు 8 ఓమ్‌ల ట్యాపు (అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు నుండి స్పీకరుకు వచ్చే కొస) వద్ద అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే ఆంప్లిఫయరు సొంత అడ్డు, 2.5 ఓమ్‌లు ఉన్నందున, ఆ శిఖరం దగ్గర ధ్వని సుమారు 2.3 డెసిబెల్స్ ఉబ్బుతుంది. మన కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారి కచేరీ పెడితే, మృదంగం ఎడమవైపు నాదం గాత్రం కిందికి చేరి మందంగా సాగుతుంది.

4 ఓమ్‌ల ట్యాపుకు మార్చగా అవుట్‌పుట్ ఇంపెడెన్స్ సగమై, ఆ ఉబ్బు 1.25కు దిగింది. వాట్లు కొంత తగ్గినా మృదంగం దెబ్బ విడివిడిగా వినిపిస్తోంది. ఈ గదికి ఇదే సరైన జత. ట్యాపు మార్చేముందు ఆంప్లిఫయరును తప్పక ఆపాలి. లోడు (స్పీకరు) లేకుండా సిగ్నల్ వెళ్తే ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీలో (వాల్వు వైపు చుట్టలో) వోల్టేజీ ఎగసి దాని ఇన్సులేషన్ కాలిపోవచ్చు.

సాయంత్రం కరెంటు 205 వోల్టులకు పడితే వాల్వును లోపల వేడిచేసే 6.3 వోల్టుల హీటరుకు 5.6 మాత్రమే అందుతుంది. వాల్వుకు అది చాలదు కనుక స్టెబిలైజరు పెట్టాను. ఉప్పుగాలికి పచ్చబడే టెర్మినళ్లను మాత్రం అప్పుడప్పుడు తుడవాలి.

మిగిలిన ఉబ్బు కోసం స్పీకరుకు సమాంతరంగా 20 మిల్లీహెన్రీల కాయిల్, 330 మైక్రోఫారడ్‌ల బైపోలార్ కెపాసిటరు, ఒక రెసిస్టరు వరుసగా కలిపి పెట్టాలి. ఆ కాయిల్, కెపాసిటరు 62 హెర్ట్జ్ దగ్గరే అనునాదానికి వచ్చి ఆ ఇంపెడెన్స్ శిఖరాన్ని తగ్గిస్తాయి. రెసిస్టరు విలువను మళ్లీ కొలిచి నిర్ణయిస్తాను.